వేగం సరే, నిగ్రహమో?

మా అబ్బాయి టాటా హారియర్ విద్యుత్ వాహనంలో నాలుగు చక్రాలకూ శక్తి అందే రకం బుక్ చేసి, డెలివరీకై నిరీక్షిస్తున్నాడు. 6.3 సెకన్లలో వంద కిలోమీటర్ల వేగం అందుకొంటుందని కంపెనీ వాక్కు. ఇంట్లో అదే నిత్యపారాయణం!

ఆగడం మాటేమిటి? వేగం రెట్టింపైతే గతిశక్తి నాలుగు రెట్లవుతుంది; బ్రేకు నొక్కాక సాగే దూరమూ అంతే. వంద వేగంలో కాలు బ్రేకు మీదికి చేరే ఒక్క సెకనులోనే 28 మీటర్లు గడచిపోతాయి. మోటారే జనరేటరై బండిని నిదానింపజేసే సదుపాయం ఉన్నమాట నిజమే. కానీ బ్యాటరీ నిండుగా ఉంటే అది బాగా తగ్గుతుంది. భారం డిస్కుల మీద పడుతుంది. ఘాట్ రోడ్డు దిగుతూ పదేపదే తొక్కితే అవి వేడెక్కి పట్టు సడలుతుంది. తడిరోడ్డుపై తుదితీర్పు టైర్లదే.

అందుకే నా అభిప్రాయం: బండి వచ్చేలోగా యువకులు నేర్వవలసినది పరుగు లెక్క కాదు, ఆగే లెక్క. మీరేమంటారు?