ఆత్మకు లేని అంటు ఒంటికెక్కడిది?

ఆత్మ గురించి మాట్లాడే అర్హత మాకు లేదన్నారు. సరే, ఒంటి గురించే మాట్లాడతాను. ఒంటి సంగతి మాకు తెలిసినంతగా ఈ దేశంలో ఏ పండితుడికీ తెలీదు. మా తాత లందలో మోకాళ్లదాకా దిగి తోళ్లు పదును చేశాడు. తంగేడు చెక్క రంగు ఆయన కాళ్లకి చచ్చేదాకా పోలేదు. మా నాయన కామందు దగ్గర పాలేరు. నాట్లేసి నాట్లేసి మాయమ్మ నడుం వంగిపోయింది. ఆ ముగ్గురి ఒళ్లు కరిగితే నేనొక్కణ్ణి బీయస్సీ, బీఈడీ చదివి సర్కారు బళ్లో పంతులునయ్యాను.

నాతో పనిచేసిన పంతులొకాయన గీత బాగా చెప్పేవాడు. పాత గుడ్డ విడిచి కొత్తది కట్టుకున్నట్టు ఆత్మ ఒళ్లు మారుస్తుందట. దాన్ని కత్తి కొయ్యదు, నీళ్లు తడపవు. బాగుంది. కానీ కుండలో నీళ్లు నేను ముంచుకున్న రోజు ఆయనకి సాయంత్రందాకా దాహం వేసేది కాదు. నీళ్లకి తడవని ఆత్మ ఉన్నాయనకి నా చెయ్యి తగిలిన నీళ్లంటే భయమెందుకు?

కాశీలో శంకరాచార్యుడికి చండాలుడు ఎదురైన కథ మీరు వినే ఉంటారు. తప్పుకోమంటే, తప్పుకోవాల్సింది ఒళ్లా ఆత్మా అని చండాలుడు అడిగాడట. శంకరుడు చేతులు జోడించాడట. దీన్ని మనకి సమానత్వం కథగా చెబుతారు. చివర చూడండి: ఆ చండాలుడు శివుడట! అంటే నిలదీసినవాడు మా పల్లెలో పుట్టిన మనిషై ఉండడానికి వీల్లేదు. అదే శంకరుడి బ్రహ్మసూత్ర భాష్యంలో శూద్రుడికి వేదం వినే అధికారం లేదని ఉంది. విన్నవాడి చెవుల్లో సీసం, లక్క పొయ్యమన్న స్మృతి మాటని అక్కడ ప్రమాణంగా చూపించారు. ఆత్మకి చెవులుండవు కదా. మిథ్య అన్న ఒంటికి నిజమైన సీసం!

ఆత్మ అకర్త, ఏమీ చెయ్యదంటారు. మరి పోయిన జన్మలో పాపం చేసిందెవరు? దీనికి జవాబుగా మధ్యలో సూక్ష్మ శరీరమని ఒకదాన్ని నిలబెట్టారు. ఒళ్లు కాలిపోయినా కర్మల లెక్క చంకన పెట్టుకుని అది ఇంకో ఒంట్లోకి పోతుందట. కామందు గుమాస్తా అన్నమాట! తాత బాకీ మనవడి మీద రాసినట్టు, ఎవరికీ గుర్తులేని జన్మ బాకీ మా మీద రాసింది. ఛాందోగ్యోపనిషత్తు ఐదో అధ్యాయంలో, చెడునడతవాళ్లు కుక్క కడుపునో పంది కడుపునో చండాలి కడుపునో పుడతారని ఉంది. మాయమ్మ కడుపుని కుక్క సరసన పెట్టిన చదువుకి నేను దణ్ణం పెట్టాలా?

బ్రహ్మంగారు మాదిగ కక్కయ్యని చేరదీశాడని మావాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. ఒంట్లో దేవతలుంటారని ఆయన చెబుతుంటే కక్కయ్య విన్నాడు. ఇంటికెళ్లి పెళ్లాన్ని కోసి వెతికాడు. మాంసం తప్ప ఏమీ కనపళ్లేదు. తర్వాత బ్రహ్మంగారు ఆమెని బతికించాడంటారు. కథే కావచ్చు. ఆత్మవిద్య పరీక్షకి కోతకొచ్చిన ఒళ్లెవరిది? మాదిగ ఆడదాని ఒళ్లు. ఆమెని ఎవరూ ఏమీ అడగలేదు.

కథలు వదిలేద్దాం. 1991 ఆగస్టు 6న చుండూరులో దళితుల్ని నరికి, శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. కింది కోర్టు వేసిన శిక్షల్ని 2014లో హైకోర్టు కొట్టేసింది. చంపేవాడూ లేడు, చచ్చేవాడూ లేడన్న గీత మాటకి ఇంతకన్నా వ్యాఖ్యానం ఏం కావాలి?

అందరిలో ఉన్నది ఒకే బ్రహ్మమైతే అది మనకే మేలు కదా అని చదువుకునే తమ్ముళ్లు కొందరు అడుగుతున్నారు. అంబేడ్కర్ కూడా ఆ సంగతి ఆలోచించాడు. ఆయన పోయాక 1987లో అచ్చయిన 'రిడిల్స్ ఇన్ హిందూయిజం' చదవండి. బ్రహ్మవాదం ప్రజాస్వామ్యానికి పునాది కాగలిగేదే, అయినా అది కొత్త సమాజాన్ని పుట్టించలేదెందుకని నిలదీశాడు. అందుకే 1956 అక్టోబరు 14న నాగపూరులో ఆయన ఆత్మని ఒప్పుకోని బుద్ధుడి దగ్గరికి నడిచాడు. ఒకటే ఆత్మ అని వెయ్యేళ్లు చెప్పినవాళ్లు ఒక్క బావి మాకు తెరవలేదు. 1927 మార్చిలో మహద్ చెరువు నీళ్లు మనవాళ్లు తాగితే, పేడతో మూత్రంతో మంత్రాలు చదివి ఆ నీళ్లని శుద్ధి చేశారు.

నేను పిల్లలకి జీవశాస్త్రం చెబుతాను. గుండె బొమ్మ గీస్తాను, నెత్తురు ఎటునుంచి ఎటు పోతుందో చెబుతాను. మాల గుండె, రెడ్డి గుండె అని రెండు బొమ్మలు గియ్యలేదెప్పుడూ. నాకు తెలిసిన అద్వైతం అంతే. మ్యాన్‌హోల్‌లో ఊపిరాడక చచ్చేవాడికి 2013 చట్టం కావాలి, కాగితమ్మీద కాదు, అమల్లో కావాలి. మాకు మోక్షం అక్కర్లేదు. ఒంటికి కూడు, ఒకే కుండలో నీళ్లు, దున్నుకోవడానికి సొంత చెక్క, చచ్చాక పూడ్చుకోవడానికి ఆరడుగుల జాగా. ఇవి ఇవ్వలేనివాళ్లు మాకు ఆత్మ గురించి చెప్పొద్దు.