తెరపై చోటు

డిజిటల్ ప్రసారపు గొప్పదనమేమని అడిగితే అందరూ మొదట బొమ్మ స్పష్టతనే పేర్కొంటారు. అది నిజమే. అనలాగ్ పద్ధతిలో కెమెరా చూచిన వెలుగు హెచ్చుతగ్గులే తరంగపు హెచ్చుతగ్గులై ప్రయాణిస్తాయి. దారిలో కలిసిన రొదను టీవీ వేరుచేయలేదు కనుక అది తెరపై చుక్కలై కురుస్తుంది. డిజిటల్‌లో పంపేవి సున్నాలు, ఒకట్లు మాత్రమే. కొన్ని చెదరినా, వెంట పంపిన అదనపు అంకెల సాయంతో సరిదిద్దుకొనవచ్చును.

అయినను మా దృష్టిలో అసలు లాభం చోటు. కేబుల్‌పై ఒక్క అనలాగ్ ఛానెల్ ఆక్రమించే 8 మెగాహెర్ట్జ్‌ల వెడల్పులో డిజిటల్ ఛానెళ్లు పదికి పైగా ఇముడుతాయి. దృశ్యంలో మారని భాగాన్ని మళ్లీ మళ్లీ పంపనక్కరలేకపోవడం ఇందుకు ముఖ్యకారణం.

చోటు కరువైతే మొదట నష్టపోయేది కొద్దిమంది భాష. 1975 ఆగస్టు నుండి ఏడాదిపాటు సాగిన సైట్ ప్రయోగంలో, నాటి ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు ఉపగ్రహం కార్యక్రమాలను అందించింది. దృశ్యమార్గం ఒక్కటే, హిందీ, తెలుగు, కన్నడం, ఒరియా దానినే పంచుకొనవలసి వచ్చింది. తరువాతి అనలాగ్ కేబుల్ రోజులలోనూ ఎక్కువమంది చూచేవాటికే పెద్దపీట. ఉర్దూ ఛానెల్ కావాలంటే కేబుల్ యజమానిని బ్రతిమాలుకొనవలసిందే! 2011 చట్టసవరణతో మొదలైన కేబుల్ డిజిటలీకరణకు చివరి విడత గడువు 2017 మార్చి 31. అటుపిమ్మట, చోటు లేదన్న సాకు చెల్లదు. ఉర్దూ మాట్లాడే మన ఇండ్లకే గాక, చీమకుర్తి గ్రానైటు క్వారీలకు పరరాష్ట్రాల నుండి వచ్చిన కార్మికులకూ ఇది మేలే.

లోపాలు లేవనము. అనలాగ్‌లో చుక్కల నడుమనైనా వార్తలు వినబడేవి; డిజిటల్‌లో సంకేతం మరీ బలహీనపడితే బొమ్మ గడ్డకట్టి, ఆపై బొత్తిగా మాయమౌతుంది. పాత టీవీ ఉన్న పేదవానికి సెట్‌టాప్ బాక్సు అదనపు ఖర్చు. చందా ఛానెళ్లు ఎన్ని ఉన్నా, డబ్బు లేనివానికి అవి లేనట్లే.

అందుచేత కమిటీవారికి మా విన్నపం. 2004 డిసెంబరులో దూరదర్శన్ ఆరంభించిన ఉచిత డిష్ సేవకు నెలసరి చందా లేదు. సప్తగిరి, డీడీ ఉర్దూ రెండూ అందులో లభిస్తాయి. గ్రంథాలయంపై ఒక డిష్ పెట్టించి, సాయంత్రం ఒక గంట ఉర్దూ విద్యార్థులు తెలుగు వార్తలను, తెలుగు విద్యార్థులు ఉర్దూ ముషాయిరాలను కలిసి చూచే ఏర్పాటు చేయాలి. ఆ గంటసేపు గది తాళం తీసి ఉంచే బాధ్యత ఎవరిదో కూడా ముందే నిర్ణయించ ప్రార్థన.