ఆ కథ రాసిందెవరు?

“ఒక మాంత్రికుడికి ఒకటే కన్ను. వాడి పగవాడు ఇంకో మాంత్రికుడు, అతనికి నాలుగు కళ్లు. ఓడలెక్కి వచ్చిన సేనాపతి ఒకడు వాళ్లిద్దరి మధ్యా చిక్కుకుంటాడు. ఎటు చూసినా అడవి, అవతల సముద్రం. అంతకుమించి గుర్తులేదు. అది ఏ పుస్తకమో చెప్పగలరా?”

పిల్లల కథల గురించి నాలుగు ముక్కలు రాసినవాళ్లను ఇలాంటి ప్రశ్నలు వెతుక్కుంటూ వస్తాయి. అడిగేది పిల్లలు కాదు. ఉద్యోగాలు చేసి రిటైరైనవాళ్లు, మనవడికి కథ మొదలుపెట్టి సగంలో ఆగిపోయినవాళ్లు, ఊరు వదిలి దేశాలు దాటి స్థిరపడ్డవాళ్లు అడుగుతారు. కథంతా పోయి ఒక్క ముక్క మిగిలి ఉంటుంది. ఆ ముక్క మాత్రం వాళ్లను వదలదు.

పై ప్రశ్నకు జవాబు సులువు. అది ‘తోకచుక్క’. 1954లో చందమామలో మొదలైన సీరియల్. ఒంటికన్ను వాడు ఏకాక్షి, నాలుగు కళ్లవాడు చతుర్నేత్రుడు, ఆ సేనాపతి సమరసేనుడు. చూడండి, అడిగిన మనిషికి ఎవరికి ఎన్ని కళ్లో గుర్తుంది. కథకు పేరుగా పెట్టిన తోకచుక్క మాత్రం గుర్తులేదు. చిన్నప్పుడు చదివిన అద్భుత కథలన్నీ మనలో ఇలాగే మిగులుతాయి. ముందు పేరు పోతుంది, తర్వాత వరస పోతుంది, చివరికి ఒక బొమ్మ, ఒక భయం మిగులుతాయి.

దీని మీద పేరున్న పరిశోధనే ఉంది. కేంబ్రిడ్జిలో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ బార్ట్‌లెట్ 1932లో జ్ఞాపకం గురించి ఒక పుస్తకం వేశాడు. తన ప్రయోగానికి ఆయన ఎంచుకున్నదీ అద్భుత కథే. ఉత్తర అమెరికా ఆదివాసులు చెప్పుకునే ప్రేతాల యుద్ధం కథ అది. దాన్ని ఇంగ్లండు వాళ్లచేత చదివించి, కాసేపయ్యాక ఒకసారి, రోజులు నెలలు గడిచాక మళ్లీ మళ్లీ గుర్తున్నంత మేర రాయించాడు. వాళ్ల రాతల్లో ఆదివాసుల దోనె మామూలు పడవైపోయింది. సీల్ వేట చేపల వేటగా మారింది. కొందరి కథల్లోంచి ప్రేతాలే వెళ్లిపోయాయి. తమకు అలవాటు లేనిదాన్నల్లా వాళ్లు తెలిసినదానిగా మార్చుకున్నారు, పొంతన లేనిచోట కారణం కల్పించుకున్నారు. అబద్ధం చెప్పాలని ఎవరూ అనుకోలేదు, గుర్తుచేసుకోవడమంటేనే కొంత కొత్తగా అల్లుకోవడం.

పాత పుస్తకం వెతికేవాళ్లు దీని నుంచి నేర్చుకోవలసింది ఒకటుంది. మన జ్ఞాపకంలో నున్నగా అతికినట్టున్న భాగాన్ని అనుమానించాలి. “చివరికి రాజకుమారిని పెళ్లాడాడు” అన్నది మనం తగిలించిన ముగింపు కావచ్చు. ఎందుకుందో తెలియని వింత ముక్క, ఎక్కడా అతకని ముక్క ఉంటుందే, వెతకడం అక్కడ మొదలుపెట్టాలి. దాన్ని మనంతట మనం కల్పించుకునే అవకాశం తక్కువ.

ఒక ఉదాహరణ చెబుతాను. “దుర్మార్గుడి ప్రాణం వాడి ఒంట్లో ఉండదు, ఎక్కడో దాచి ఉంటుంది” అని మాత్రమే చెబితే ఏ కథో చెప్పలేం. ఇది ప్రపంచమంతా ఉన్న కథాంశం. జానపద కథల్లో మళ్లీ మళ్లీ వచ్చే అంశాలను ఏరి అమెరికా పండితుడు స్టిత్ థాంప్సన్ సంపుటాల కొద్దీ సూచిక తయారుచేశాడు. అందులో దేహం బయట దాచిన ప్రాణానికి ఈ–710 అని ఒక సంఖ్యే ఉంది. కాబట్టి రెండో ప్రశ్న వేయాలి. ప్రాణం దేంట్లో ఉంది? “ఏడు సముద్రాల అవతల చిలకలో” అంటే మన బాలనాగమ్మ కథ. మాయల ఫకీరు ప్రాణం చిలకలో ఉంటుంది, బాలనాగమ్మ కొడుకు వెళ్లి తెస్తాడు. ఆ కథ బుర్రకథగా ఊరూరా తిరిగింది, 1942లో జెమినీ వారి సినిమాగా వచ్చింది. అలా కాకుండా “సూదిలో ఉంది, సూది గుడ్డులో ఉంది, గుడ్డు బాతులో, బాతు కుందేలులో, కుందేలు పెట్టెలో” అన్నారనుకోండి, అది తెలుగు నేల మీద పుట్టిన కథ కాదు. చావులేని కొషేయ్ అనే రష్యన్ జానపద మాంత్రికుడిది. అది చదివినవాళ్ల చేతిలో ఉన్నది బహుశా మాస్కోలో తెలుగులో అచ్చై విశాలాంధ్ర దుకాణానికి చేరిన పుస్తకం. కోడికాళ్ల మీద నిలబడి గిరగిరా తిరిగే గుడిసె గుర్తుందన్నా అంతే. అందులో ఉండేది బాబా యాగా అనే మంత్రగత్తె. చిలకా, సూదా అన్న ఒక్క తేడాతో వెతకవలసిన అలమర మారిపోతుంది.

మనవాళ్ల జ్ఞాపకాల్లో ఇంకో చిక్కు ఉంది, సినిమా. పుస్తకంలో చదివింది, తెరమీద చూసింది కలిసిపోతాయి. ఇది సహజమే. 1947 జూలైలో చందమామను తెచ్చిన నాగిరెడ్డి, చక్రపాణిగార్లే 1951లో ‘పాతాళభైరవి’ తీశారు. మాంత్రికుడి గడ్డం, గుహ, విగ్రహం, బలి అన్నీ ఒకే కాలంలో పక్కపక్కనే పెరిగిన ఊహలు. అందుకే అడిగేవాళ్లను “ఆ బొమ్మ కదిలిందా, నిలిచి ఉందా?” అని అడగడం నాకు అలవాటు. నిలిచి ఉన్న బొమ్మయితే పుస్తకం వైపు వెళ్తాం. చందమామ సీరియళ్లకు బొమ్మలు వేసిన ‘చిత్ర’, అంటే టి.వి. రాఘవన్, గీసిన కోటగోడలూ మొసళ్లూ ఒకసారి చూసినవాళ్లకు కథ మరిచినా కళ్లలో ఉండిపోతాయి.

కథ మరిచినవాళ్లకు పుస్తకం ఒళ్లు గుర్తుంటుంది. అదీ పనికొచ్చే ఆధారమే. నెలనెలా ఎదురుచూశారా, ఒక్క బిగిన చదివారా? ప్రతి భాగం మొదట్లో ‘జరిగిన కథ’ ఉండేదా? వెనక పేజీల్లో ఫోటో వ్యాఖ్యల పోటీ ఉండేదా? ఉంటే చందమామ. దళసరి కాగితం, పెద్ద సైజు, మంచు, గంటల గోపురాలు ఉంటే మాస్కో పుస్తకం. కిరాయికి తెచ్చుకున్న, అట్ట చిరిగిన నవల అయితే మధుబాబుగారి జానపద నవలలు ‘కంకాళలోయ’, ‘కాళికాలయం’ లాంటివీ చూడాలి. 1971లో విజయ బాపినీడుగారు మొదలుపెట్టిన ‘బొమ్మరిల్లు’నూ, ‘బాలమిత్ర’నూ మరవకూడదు. అప్పుడు ఏ క్లాసులో ఉన్నారు, ఎవరి ఇంట్లో చదివారు అన్నది తేలితే సంవత్సరం దొరుకుతుంది. సంవత్సరం దొరికితే సగం పని అయినట్టే.

ఇన్ని ఆధారాలున్నా చాలా వెతుకులాటలు గమ్యం చేరవు. తప్పు పాఠకుల జ్ఞాపకశక్తిది కాదు. మనం కథలను దాచుకున్న తీరులోనే లోపం ఉంది. ఈ శీర్షికలో నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే.

‘తోకచుక్క’ రాసింది దాసరి సుబ్రహ్మణ్యంగారు. 1952లో, యువకుడిగా చందమామలో చేరారు. తోకచుక్క తర్వాత మకర దేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, యక్షపర్వతం, మాయాసరోవరం, 1978 దాకా నడిచిన భల్లూక మాంత్రికుడు... అన్నీ ఆయనవే. సుమారు పాతికేళ్ల పాటు తెలుగు పిల్లలు నెల మొదట్లో ముందుగా తెరిచిన పేజీలు ఆయన రాసినవి. ఆ పేజీల మీద ఆయన పేరు లేదు. బయటినుంచి కథలు పంపినవాళ్ల పేర్లు వేసేవారు, ఆఫీసులో కూర్చుని రాసినవాళ్లకు పేరు ఉండేది కాదు. 1952 నుంచి 1980లో చనిపోయేదాకా చందమామను తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావుగారి చెయ్యి పడిన కథలకూ ఇదే వర్తిస్తుంది. పత్రిక ఒక కుటుంబం, కథ ముఖ్యం, పేరు కాదు అన్నది ఆనాటి పద్ధతి. ఆ పద్ధతిలో గొప్ప పత్రిక తయారైంది, కాదనను. కానీ పేరు లేకపోవడం వల్ల పాఠకుడికి కథ చెయ్యి జారాక పట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు. రచయిత పేరు తెలిస్తే ఒక కథ నుంచి ఇంకో కథకు దారి ఉంటుంది. అది లేనప్పుడు ప్రతి కథా అనాథే.

పైగా ఆ కథలు తెలుగులోనే ఆగలేదు. చందమామ పలు భాషల్లో వచ్చేది, అన్నిటిలోనూ అవే సీరియళ్లు, అవే బొమ్మలు. ఇవాళ ఏ తమిళ, కన్నడ, హిందీ పాఠకుడో తన భాషలో పుట్టిన కథేనని ఏకాక్షిని వెతుక్కుంటూ ఉండవచ్చు. ఆ మాంత్రికుడు తెలుగు రచయిత చేతిలో పుట్టాడని అతనికి చెప్పే ఆధారం పేజీలో లేదు. మన భాష నుంచి దేశానికి అందిన ఒక పెద్ద కానుక మీద మన సంతకం లేకుండా పోయింది.

వెతకడం ఎందుకు, దొరికితే ఆ మజా పోతుంది అనేవాళ్లున్నారు. చిన్నప్పుడు కొండంతగా కనిపించింది పెద్దయ్యాక చిన్నదవుతుందని వాళ్ల భయం. నేను దీంతో ఏకీభవించను. మళ్లీ చదివితే చిన్నప్పుడు కనిపించని పనితనం కనిపిస్తుంది. దాసరిగారి కథల్లో ఇద్దరు మిత్రులు కలిసి బయల్దేరడం చూడండి. శిథిలాలయంలో శిఖిముఖి, విక్రమకేసరి. యక్షపర్వతంలో ఖడ్గవర్మ, జీవదత్తుడు. మాయాసరోవరంలో జయశీలుడు, సిద్ధసాధకుడు. ఒకరికి తోచనిది ఇంకొకరికి తోస్తుంది. ఆపద వచ్చినప్పుడు వాళ్లు చేతులు కట్టుకుని దేవుడి కోసం చూడరు, ఆలోచిస్తారు, మాట్లాడుకుంటారు, తెగిస్తారు. పిల్లలకు ధైర్యం చెప్పకుండానే ధైర్యం నేర్పిన రచన అది. పాఠకుల తలల్లో ఈ కథలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోవడానికీ ఈ జంటలే కారణమని నా అనుమానం. రాసిన చెయ్యి ఒకటేనని తెలిస్తే ఆ కలగాపులగం కూడా అర్థమవుతుంది.

దాసరిగారు 2010లో కన్నుమూశారు. ఆయన పేరు లోకానికి తెలియడానికి కారణం సంస్థలకన్నా ముందు పాఠకులు. పాత సంచికలు దాచినవాళ్లు, సీరియల్ కాగితాలు విడదీసి బైండు చేయించుకున్నవాళ్లు, పేజీ పేజీ స్కాన్ చేసి పదిమందికీ పంచినవాళ్లు. వాళ్ల పట్టుదల వల్లే ఆ సీరియళ్లు వాహినీ బుక్ ట్రస్టు, మంచి పుస్తకం వంటి ప్రచురణల ద్వారా దాసరిగారి పేరుతో, చిత్రగారి బొమ్మలతో పుస్తకాలయ్యాయి. పేరు తెలియని పుస్తకం కోసం వెతకడం పనిలేని పని అనుకునేవాళ్లు ఇది గమనించాలి. ఒక రచయితకు రావలసిన గౌరవం ఆ వెతుకులాట వల్లే వచ్చింది.

చందమామ మాటకొస్తే ఇంతవరకు జరిగింది. మిగతా పత్రికల సంగతేమిటి? బాలమిత్రలో, బొమ్మరిల్లులో సీరియళ్లు రాసిన ఎంతమంది పేర్లు ఒకచోట చేర్చాం? స్కాన్ చేసిన పేజీ చాలావరకు బొమ్మగానే ఉంటుంది. అందులోని మాటను కంప్యూటర్ వెతికి పెట్టలేదు. నెల, సంవత్సరం తెలిసినవాడికే ఆ నిధి ఉపయోగం. నాలుగు కళ్ల మాంత్రికుడు మాత్రమే తెలిసినవాడికి తలుపు తెరుచుకోదు.

కావలసినది పెద్ద ఖర్చు కాదు, పూనిక. వేటపాలెం సారస్వత నికేతనం పాత పత్రికలను కాపాడిన శ్రద్ధతోనే ప్రతి జిల్లా గ్రంథాలయం పిల్లల పత్రికలను బైండు చేయించి ఉంచాలి. చిరిగేదాకా చదివించి చిత్తుకాగితాలకు అమ్మే సరుకుగా చూడకూడదు. విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు మన బాలల సీరియళ్లకు కథాంశాల సూచిక ఒకటి తయారుచేయాలి. ఒంటికన్ను ఎక్కడ, మాట్లాడే గుడ్లగూబ ఎక్కడ, రాతిగా మారిన రాజు ఎక్కడ అన్నది సంచికతో సహా చెప్పే సూచిక. ఒక్కో విద్యార్థి ఒక్కో పత్రికను తీసుకుంటే కొన్నేళ్లలో పూర్తయ్యే పని. పాత కథలను మళ్లీ వేసే ప్రచురణకర్తలు మొదట వచ్చిన పత్రిక, నెల, రచయిత, చిత్రకారుడు అన్న నాలుగు వివరాలూ వేయకుండా పుస్తకం వదలకూడదు.

ఇక మన వంతు. గుర్తున్న ముక్కను ఈ వారమే కాగితం మీద పెట్టండి. అందంగా అల్లకండి, తెలియనిచోట ఖాళీ వదిలేయండి. మీ కంటే పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే వాళ్లనూ అడిగి రాయండి, వాళ్ల దగ్గరున్న ముక్క మీ ముక్కకు అతకవచ్చు. దొరికిన కథను పిల్లలకు చెప్పేటప్పుడు అనగనగా అనకముందే ఇది ఫలానావారు రాసిందని చెప్పండి. పుస్తకానికి కర్త ఉంటాడని, ఆ కర్త పేరు తెలుసుకోవడం పాఠకుడి బాధ్యత అని వాళ్లకు ఆ ఒక్క మాటతో తెలుస్తుంది. మనం అరవై ఏళ్లు పట్టి నేర్చుకున్నది వాళ్లు ఆరేళ్లకే నేర్చుకుంటారు.