ఆరాధనలో వినిపించని పేరు

పుష్య బహుళ పంచమి వచ్చిందంటే కావేరి ఒడ్డున తిరువయ్యారులో త్యాగరాజ ఆరాధన వేళ వందల గొంతులు ఒక్కసారిగా నాట రాగం అందుకుంటాయి. గౌళ, ఆరభి, వరాళి దాటి శ్రీరాగంతో ముగిసే ఆ పంచరత్న గానం అనాదిగా వస్తున్న ఆచారంలా కనిపిస్తుంది. నిజానికి అది 1940ల నాటిది.

త్యాగరాజు 1847లో సిద్ధి పొందారు. ఆ తర్వాత సమాధి చాలాకాలం ఆలనాపాలనా లేక పాడుబడింది. ఆరాధన మాత్రం పెద్ద కక్షి, చిన్న కక్షి అంటూ రెండు ముక్కలైంది. ఎందులోనూ ఆడవాళ్లు పాడటానికి వీల్లేదు. దేవదాసీ కుటుంబంలో పుట్టిన బెంగళూరు నాగరత్నమ్మ 1920లలో తన సొంత సొమ్ముతో అక్కడ గుడి కట్టించారు. కట్టించిన గుడి ముందు పాడనివ్వకపోతే వెనకవైపు స్త్రీలతో మూడో ఆరాధన మొదలుపెట్టారు! చివరికి మూడు పక్షాలూ ఒక్కటయ్యాయి.



మన ఊళ్లలో ఆరాధన సభలు ఏటా జరుగుతాయి. త్యాగరాజు పూజించే రాముడి విగ్రహాలను ఆయన అన్నగారు కావేరిలో పారేసిన కథ ప్రతి వక్తా చెబుతాడు. కథ మంచిదే, కాదనం. కానీ కాగితాల మీద సాక్ష్యం ఉన్న నాగరత్నమ్మ పోరాటానికి ఆ వేదికపై పది నిమిషాలైనా దక్కాలి. త్యాగరాజ సన్నిధికి ఎదురుగానే ఆమె సమాధి ఉంది. నిర్వాహకులు ఆమె ఫొటో ఒకటి పెట్టి, పూలమాల వేసి ఆ మాట మొదలుపెట్టవచ్చు.