ఘనస్థితి కిణ్వనంలో తేమ: ఒక్క నమూనా చాలదు

ఇబ్రహీంపట్నం పరిసరాల్లో కూరగాయలు పండించే రైతుకు మనం చెప్పే పద్ధతి తెలిసినదే: 90 కిలోల పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండిలో 2 కిలోల ట్రైకోడెర్మా కలిపి, నీడలో గోనెపట్టా కప్పి, వారం పదిరోజులు తడి ఆరకుండా ఉంచాలి. ఇదీ ఘనస్థితి కిణ్వనమే. కుప్ప చిన్నది గనుక పిడికిట నొక్కి చూస్తే చాలు.

అదే శిలీంధ్రాన్ని తవుడుపై టన్నుల లెక్కన పెంచేటప్పుడు ఈ ఉపాయం చెల్లదు. శిలీంధ్ర శ్వాసక్రియ వలన వేడి పుడుతుంది. తవుడు ఆ వేడిని సులభంగా వదలదు. చల్లబరచడానికి పంపిన గాలి నీటిని ఆవిరిగా మోసుకుపోతుంది. గాలి ప్రవేశించే వైపు పొర ముందుగా ఎండుతుంది. చల్లని గోడల వద్ద ఆ ఆవిరే నీరై, తవుడు ముద్దకట్టి బాక్టీరియాకు ఆశ్రయమిస్తుంది. ఈ రెండింటి సగటు మాత్రం కాగితంపై చక్కగానే కనిపిస్తుంది!

105 డిగ్రీల ఓవెన్ పద్ధతి ప్రామాణికమే; కాని ఫలితం వచ్చేసరికి లోపలి స్థితి మారిపోయి ఉంటుంది. పాత్రను తూచి తేమను అంచనా వేయడం మరింత మోసకరం. కార్బన్ డయాక్సైడ్‌గా పోయిన పిండిపదార్థపు బరువు కూడా నీటి ఖాతాలో పడుతుంది.

నా అభిప్రాయంలో వేర్వేరు లోతుల్లో కనీసం మూడు కెపాసిటెన్స్ సెన్సార్లు, లోనికి వచ్చే గాలికి, వెలుపలికి పోయే గాలికి తేమ కొలతలు తప్పనిసరి. తవుడు రకం మారిన ప్రతిసారీ సెన్సార్లను ఓవెన్ ఫలితాలతో సరిచూడాలి. స్నాతకోత్తర విద్యార్థులకు ఇది మంచి పరిశోధనాంశం. గ్రాముకు కనీసం 20 లక్షల సజీవ కణాలుండాలన్నది నియమం. రైతు కొన్న ప్యాకెట్టులో అవి ఉన్నదీ లేనిదీ అతడు కంటితో చూసి తేల్చుకోలేడు.