అమ్మానాన్నల మాట ఎవరు విన్నారు?

బడి లైబ్రరీలో ఏ పుస్తకం ఉండాలన్న విషయంలో తల్లిదండ్రుల మాట చెల్లాలంటూ టెక్సాస్ 2025లో సెనేట్ బిల్లు 13ను చట్టం చేసింది. అక్కడ ఫ్రిస్కో, ప్లేనో వైపు మన తెలుగు కుటుంబాలు బోలెడు. కాబట్టి ఇది మన ఇళ్ల గొడవ కూడా. మా పిల్లకు ఫలానా పుస్తకాలు ఇవ్వొద్దని అమ్మానాన్నలు బడికి జాబితా రాసివ్వొచ్చు. అందులో తప్పేముంది? ఎవరి పిల్లల సంగతి వాళ్లకు తెలుసు. నా పేచీ ఈ చట్టం కింద పుస్తకాలపై వేసే సలహా మండలి గురించి. అందులో తల్లిదండ్రులే ఎక్కువమంది ఉంటారు, కానీ చివరి మాట స్కూలు బోర్డుదే.

న్యూయార్క్ రాష్ట్రంలోని ఐలాండ్ ట్రీస్‌లో ఇలాంటిదే ఒకసారి జరిగింది. 1975లో అక్కడి బోర్డు సభ్యులు ముగ్గురు ఒక తల్లిదండ్రుల సంఘం సదస్సుకు వెళ్లి, ‘అభ్యంతరకర’ పుస్తకాల జాబితా పట్టుకొచ్చారు. ఒక రాత్రి హైస్కూల్ లైబ్రరీలో కేటలాగ్ కార్డులు తిరగేస్తే ఆ జాబితాలోని తొమ్మిది పుస్తకాలు దొరికాయి. మరుసటి ఏడాది వాటిని తీయించారు. అమెరికాకు వ్యతిరేకం, క్రైస్తవులకు వ్యతిరేకం, యూదులకు వ్యతిరేకం, పైగా బూతు అని అన్నింటికీ కలిపి ఒకే ముద్ర కొట్టారు. తరగతిలో పాఠంగా ఉన్న బెర్నార్డ్ మాలమడ్ ‘ది ఫిక్సర్’ మీదా అదే వేటు. రాసినాయన యూదుడు. కథ చేయని నేరానికి జైలుపాలైన యూదుడిది. పులిట్జర్ బహుమతి కూడా వచ్చింది. చదివినవాళ్లు ఈ ముద్ర వేయగలరా?

గోల పెరిగేసరికి బోర్డే ఒక కమిటీ వేసింది. నలుగురు తల్లిదండ్రులు, నలుగురు బడి సిబ్బంది. వాళ్లు పుస్తకాలు చదివారు. అయిదు ఉంచమన్నారు, రెండు తీసేయమన్నారు, ఒకటి అమ్మానాన్నల అనుమతితో ఇవ్వమన్నారు, మిగతావాటిపై ఏమీ తేల్చలేదు. పిల్లల్ని కన్నవాళ్లు బడి సిబ్బందితో కలిసి నిదానంగా కూర్చుని తేల్చిన లెక్క అది. బోర్డు ఏం చేసింది? ఒక్క పుస్తకాన్ని మామూలుగా, ఇంకోదాన్ని అనుమతి షరతుతో వెనక్కి రానిచ్చి, తక్కినవన్నీ పక్కన పడేసింది. తానే వేసిన కమిటీ మాట ఎందుకు కాదన్నదో కారణం కూడా చెప్పలేదు. తల్లిదండ్రుల పేరుతో మొదలెట్టి, తల్లిదండ్రుల మాటనే బుట్టదాఖలు చేశారు.

చివరికి కోర్టుకెక్కింది స్టీవెన్ పికో అనే కుర్రాడు, మరికొందరు విద్యార్థులు. 1982లో సుప్రీంకోర్టు 5-4తో వాళ్ల వైపు మొగ్గింది. అయితే అందులోనూ మెజారిటీ జడ్జీలు ఒకే కారణం మీద కలవలేదు. అందుకే ఆ తీర్పును ఎవరికి కావలసినట్టు వాళ్లు చదువుకుంటున్నారు. బోర్డు మాత్రం పుస్తకాలు తిరిగి పెట్టింది.

టెక్సాస్ మండలిలో కూర్చోబోయే మనవాళ్లు మొదటి సమావేశంలోనే రెండు సంగతులు అడగాలి. పుస్తకం మొత్తం చదవనివాళ్ల ఫిర్యాదు తీసుకుంటారా? మండలి సిఫార్సును బోర్డు కాదంటే, కారణం కాగితం మీద రాసిస్తుందా?