రెండు అంకెలు సరిచూద్దాం

వార్డు రిజిస్టరు చివరి పేజీలకు వస్తే మనకు ముందే తెలుస్తుంది. స్టోరు నుండి కొత్తది తెచ్చుకుంటాము. కంప్యూటరులో పేజీలు ఎప్పుడు అయిపోతాయో మాత్రం చాలామందికి తెలియదు.

ఎక్సెల్ పాత రకం ఫైలులో ఒక షీటుకు 65,536 వరుసలే పడతాయి. 2007 నుండి వచ్చిన కొత్త రకంలో 10,48,576 పడతాయి. 2020లో ఇంగ్లాండులో కోవిడ్ పరీక్షల ఫలితాలను పాత రకం ఫైలులోకి ఎక్కించగా వరుసలు చాలలేదు. 15,841 పాజిటివ్ కేసులు రోజువారీ లెక్కలోకి రాలేదు. రోగులకు తమ ఫలితం తెలిసింది. కాని వారితో కలిసి తిరిగినవారిని వెదికే సిబ్బందికి ఆ పేర్లు ఆలస్యంగా అందాయి.

అయితే యాక్సెస్ వాడదామని కొందరంటారు. మంచిదే. అందులో వరుసలకు పరిమితి లేదు గాని, ఫైలు మొత్తం 2 జీబీ దాటకూడదు. పేరు, వయసు, మందుల వివరాలైతే లక్షల వరుసలు పడతాయి. ఎక్స్‌రే ఫొటోలు కూడా అందులోనే పెడితే త్వరగా నిండిపోతుంది. ఫొటోలను వేరే ఫోల్డరులో ఉంచి, అవి ఎక్కడున్నదీ మాత్రం టేబులులో రాసుకోవాలి.

ఏ సాఫ్ట్‌వేరు వాడినా లెక్క సరిచూడడం మన పనే అని మా అభిప్రాయం. డ్యూటీ మారేటప్పుడు మార్ఫిన్ ఆంపూల్స్ లెక్కపెట్టి అప్పగిస్తాము కదా! అలాగే పంపిన పేర్లెన్ని, కంప్యూటరులో చేరినవెన్ని అని రోజూ చూడాలి. ఆ రెండు అంకెలకు ప్రతి వార్డు రిజిస్టరులో ఒక గడి కేటాయించాలని మేము కోరుతున్నాము.